నాలుగు తోరణాల నడుమ

ఒక్క దినం తీరిక దొరికినవారు ఓరుగల్లుకు పోయి రావచ్చును. హైదరాబాదునుండి దాదాపు నూటయేభై కిలోమీటర్లు. తెల్లవారుజామున రైలెక్కితే ఎండ ముదరకముందే కోటలో ఉండవచ్చు. పొద్దు వాలేవేళకు హనుమకొండ వేయిస్తంభాల గుడి చూచుకొని, రాత్రికి ఇల్లు చేరవచ్చు. శీతకాలం వచ్చిందంటే పాఠశాలల విహారయాత్రలు చాలావరకు ఈ దారినే సాగుతవి. వచ్చినవారిలో పలువురు చేసే పని మాత్రం ఒక్కటే. తోరణం క్రింద వరుసగా నిలబడి ఫొటో తీయించుకొంటారు, పులిహోర పొట్లాలు విప్పుకొంటారు, వెళ్ళిపోతారు. దానికి పావుగంట చాలు, పొట్లాలకు మరొక పావుగంట.

వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ తోరణం అందరికీ ముందే పరిచయమైనది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజముద్రలో చార్మినారుతోపాటు చోటు సంపాదించినది. ఊళ్ళ పొలిమేరల్లో సిమెంటుతోను, సభావేదికల మీద అట్టతోను, పెండ్లిపందిళ్ళ ముందు గుడ్డతోను దాని ప్రతికృతులు లేస్తూనే ఉన్నవి. ఎరిగిన ముఖం ఎదురుకాగానే ఇక చూడవలసినదేమీ లేదనిపించడం మానవసహజం. కాని ద్వారమన్నది దేనికో ద్వారమై ఉండాలి కదా! ఈ తోరణాలు ఏ గుడికి వాకిళ్ళో, ఆ గుడి ఏమైనదో అడిగేవారు అరుదు.

ఆ ప్రశ్న ఒక శీతకాలపు ఉదయాన ఎనిమిదవ తరగతి చదివే బాలిక నోట వెలువడినది. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలనుండి నలభైమంది పిల్లలు వచ్చి ఉన్నారు. వెంట వచ్చినది తెలుగు ఉపాధ్యాయుడు. ఫొటో ముచ్చట తీరిన తరువాత ఆ పిల్ల నాలుగు దిక్కులా కలయజూచి, “సార్, గుమ్మాలు నాలుగున్నయి. మరి గుడేది?” అన్నది.

ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పలేదు. పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును తూర్పు తోరణంనుండి పడమటి తోరణానికి, రెండవ జట్టును ఉత్తరంనుండి దక్షిణానికి, అడుగులు లెక్కపెట్టుకొంటూ నడవమన్నాడు. నడక అంత సులభంగా సాగలేదు. నడుమ విరిగిన స్తంభాలు, దూలాలు, కప్పురాళ్ళు దారికి అడ్డంగా పడి ఉన్నవి. చుట్టి పోబోయినవారికి లెక్క తప్పినది. మళ్ళీ మొదటికి వచ్చినారు. ఎట్టకేలకు ఇరువైపులా రెండు వందల పైచిలుకు అడుగులు తేలినవి. ఎదురెదురు తోరణాలకు నడుమ దూరం దాదాపు నూటయేభై గజాలు. కాబట్టి పిల్లల లెక్క మరీ తప్పు కాదు. రెండు జట్ల దారులు కలుసుకొన్న చోట ఎత్తైన రాతి అరుగులు, వాటిపై మొండి స్తంభాలు కనబడినవి. “నువ్వడిగిన గుడి ఇదేనమ్మా!” అన్నాడు ఉపాధ్యాయుడు.

ఆ గుడి కాకతీయుల ఇలవేల్పయిన స్వయంభూదేవునిది. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. రుద్రదేవుని నాటికే ఓరుగల్లులో నగరనిర్మాణం మొదలైనదంటారు. గణపతిదేవుడు (1199–1262) దానిని పూర్తిచేసి రాజధానిని ఇక్కడికి మార్చినాడు. ఒంటరిగా లేచిన పెద్ద రాతిగుట్ట కోటలో ఇప్పటికీ ఉన్నది. ఒంటి కల్లు ఓరుగల్లు అయినది, సంస్కృతంలో ఏకశిల. (ఏకశిలానగరమనగానే పోతన ఊరు ఇదా, కడప జిల్లాలోని ఒంటిమిట్టయా అన్న పాత వాదం తెలుగు ఉపాధ్యాయులకు గుర్తుకు రాకమానదు. ఆ వాదం మొదలుపెట్టినవారికి తిరుగు రైలు తప్పుతుంది గనుక దానిని ఇంతటితో విడిచిపెట్టడం క్షేమం.) స్వయంభూదేవుని వెలికి ఒక కథ కూడా ఉన్నది. బండి ఇరుసు ఒక రాతికి తగిలి బంగారమైనదట. ఆ పరుసవేదియే లింగమని రాజు గుర్తించి గుడి కట్టించినాడట. కథ సంగతి ఎట్లున్నా, నగరమంతా ఈ గుడిని కేంద్రంగా చేసుకొని పెరిగినదన్నది మాత్రం కంటికి కనబడే నిజం. గుడి చుట్టూ రాతికోట. దానికి వెలుపల కందకంతో మట్టికోట. ఇంకా దూరాన మరొక మట్టికట్ట. ఒకదాని చుట్టూ ఒకటి నీటిలో అలలవలె వలయాలుగా వ్యాపించినవి. రాతికోట నాలుగు దిక్కుల వాకిళ్ళనుండి వచ్చే బాటలు ఈ తోరణాలవైపు సాగుతవి. రాజధానికి నాభి వంటి స్థానంలో రాజు నగరును గాక దేవుని గుడిని నిలపడంలోని ఉద్దేశం విద్యానాథుని ప్రతాపరుద్రయశోభూషణం చదివినవారికి తేలికగా బోధపడుతుంది. అలంకారశాస్త్రం నేర్పడానికి వ్రాసిన ఆ గ్రంథంలోనూ, దానిలో లక్ష్యంగా చేర్చిన నాటకంలోనూ స్వయంభూదేవుడు కాకతీయ కులదైవంగా దర్శనమిస్తాడు. రాజ్యం ఆయనది; రాజు ఆయన తరఫున ఏలేవాడు.

అట్టి గుడి నేలమట్టం కావడానికి 1323వ సంవత్సరం వచ్చినది. అంతకుముందు ఢిల్లీ సేనలు పలుమార్లు వచ్చి ఉన్నవి. 1309–10లో మాలిక్ కాఫూరు ముట్టడించినప్పుడు ఇక్కడి మట్టికోట దృఢత్వాన్ని పారసీక కవి అమీర్ ఖుస్రో తన చరిత్రగ్రంథంలో మెచ్చుకొన్నాడు. రాతికోటకన్న మట్టికోటను మెచ్చుకోవడం పిల్లలకు వింతగా తోచింది. కోట గోడపైకెక్కి దూరంగా కనబడే ఆ మట్టికట్టను చూచినప్పుడు కొంత అర్థమైనది. విసరిన గుండు రాతికి తగిలితే రాయి పగులుతుంది. మెత్తని మట్టి గుండును దిగమ్రింగుతుంది. ప్రతాపరుద్రుడు ఆ పర్యాయం ఏనుగులను, ధనరాశులను కప్పంగా ఇచ్చి బయటపడినాడు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత ఢిల్లీ సింహాసనమెక్కిన మహమ్మద్ బిన్ తుగ్లక్, నగరాన్ని పట్టుకొన్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకొనిపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించినట్లు ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనం చెబుతున్నది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయినది. స్వయంభూదేవుని గుడిని విప్పివేసినారు.

గుడి పోయి తోరణాలు ఎందుకు మిగిలినవన్న ప్రశ్నకు విద్వాంసులు రెండు విధాల సమాధానం చెబుతారు. తోరణాల మీద దేవతామూర్తులు లేవు. హంసలు, మకరాలు, సింహాలు, తామరమొగ్గలు, లతలు మాత్రమే ఉన్నవి. అందుచేత విడిచిపెట్టినారని ఒక మాట. గుడి స్థానంలో మసీదు కట్టదలచిన క్రొత్త పాలకులు, తమ కట్టడానికి కూడా శోభ చేకూరుస్తవని తోరణాలను కావాలనే ఉంచుకొన్నారని రెండవ మాట. రెండవదే ఎక్కువ బలమైనదిగా కనబడుతుంది. అంత పెద్ద గుడిని రాయి రాయిగా విప్పగలిగినవారికి నాలుగు తోరణాలు అడ్డమా? నచ్చినవి గనుకనే నిలిపినారు. శత్రువు చేతికి చిక్కి కూడా ముచ్చట గొలిపిన శిల్పమిది. తోరణాలకు కొద్ది దూరంలోనే ఖుష్ మహల్ అనే దర్బారు మందిరం ఉన్నది. ఏటవాలుగా లేచిన దాని గోడలు తుగ్లక్ కాలపు ఢిల్లీ కట్టడాలను తలపింపజేస్తవి. స్థానికులు మాత్రం దానిని షితాబ్ ఖాన్ మహలంటారు. ఈ షితాబ్ ఖాన్ కథ కూడ చిత్రమైనదే. పేరు చూచి మోసపోరాదు. అతని అసలు పేరు సీతాపతి. తెలుగు దొర. ఓరుగల్లును జయించి, స్థానభ్రష్టులైన దేవతలను తిరిగి నిలిపినట్లు 1504 నాటి సంస్కృత శాసనం వ్రాయించినాడు. చరిత్ర పాఠంలో రెండు పక్షాలుగా కనబడేది, ఈ కోటలో గజం గజానికీ కలిసిపోయి కనబడుతుంది.

ఇక రాళ్ళ దగ్గరకు రావాలి. ఈ యాత్రలో ఎక్కువ సేపు గడపవలసిన చోటు ఇదే. నిండుగా నిలిచిన గుడిలో చూడశక్యం కానిది శిథిలంలో చూడవచ్చును. గుడి నిలిచి ఉన్నంతకాలం స్తంభం పైకొన కప్పులో దాగి ఉంటుంది. దూలం అడుగుభాగం స్తంభం మీద అణగి ఉంటుంది. కూలిన తరువాతనే అతుకులు బయటపడతవి. ఉపాధ్యాయుడు పిల్లల చేత మొదట అవే చూపించినాడు. ఒక రాతి చివర చిన్న గుబ్బ, మరొక రాతిలో దానికి సరిపడే గుంట. గుబ్బ గుంటలో దిగితే రాయి కదలదు. సున్నపు అతుకు లేదు. స్తంభమొక్కటే రాయి అనుకొన్నవారికి, పీఠం వేరు, కాండం వేరు, పైన పళ్ళెం వంటి బిళ్ళ వేరు, దూలాన్ని మోసే బోదె వేరు అని తెలిసినది. కాండంలో చదరపు భాగం ఒకచోట, చక్రంమీద చివ్వి గుండ్రన చేసినట్లుండే భాగం మరొకచోట. కరుకైన లేతవన్నె రాయి ఒకటి, నునుపు పట్టి అద్దమైన నల్లరాయి మరొకటి. బరువు మోయడానికి మొదటిది, సన్నని పనికి రెండవది. ఇది తెలుసుకోవడానికి శిల్పశాస్త్రం చదువనక్కరలేదు. అరచేత తడివి చూస్తే చాలును. చూడవచ్చినవారిని ఏ రాయినీ ముట్టవద్దని గద్దించే పెద్దలు, ఆ రాళ్ళ మీద మేకుతో తమ పేర్లు చెక్కిపోయేవారిని ఎందుచేతనో ఎన్నడూ పట్టుకోలేరు. పూర్వం చెరువు త్రవ్వించినవాడో, పన్ను మాన్పించినవాడో రాతిమీద పేరు వ్రాయించుకొనేవాడు. ఈ కాలంలో దానికి సెలవుదినం, ఒక మేకు ఉంటే సరిపోతున్నది.

తోరణం నిర్మాణం కూడ ఈ దృష్టితో చూచినప్పుడే దాని గొప్ప తెలుస్తుంది. మన ఇండ్లలో పండుగనాడు గుమ్మానికి కట్టే మామిడాకుల వరుస తోరణమే. రెండు గుంజలు, వాటి నడుమ వ్రేలాడే పచ్చదనం. సాంచీ స్తూపానికి నాలుగు దిక్కులా నిలిచిన రాతితోరణాలలో ఒక్కొక్కదానికి రెండేసి స్తంభాలు, వాటిపై మూడేసి అడ్డుదూలాలు. ఓరుగల్లు శిల్పి స్తంభాలను జంటలుగా నిలిపినాడు. వంపు తిరిగిన బోదెలను దూలానికి ఆనించినాడు. దూలంనుండి మొగ్గలను వ్రేలాడదీసినాడు. ఆపైన హంసలను నిలిపినాడు. ముప్పయి అడుగుల ఎత్తున ఎన్నో బరువైన రాళ్ళు ఒకదానినొకటి పట్టుకొని ఎనిమిది వందల యేండ్లుగా ఉన్నవి. అంత బరువును మామిడాకుల దండవలె తేలికగా కనబడజేయడమే అతని నేర్పు. సిమెంటు ప్రతికృతులలో లోపించేది సరిగా ఇదే. వాటిలో ఆకారం వచ్చినది గాని ఆ తేలికదనం రాలేదు.

గుడిలోని లింగమేమైనదని పిల్లలే అడిగినారు. నాలుగు ముఖాల లింగమొకటి సమీపంలోని శంభుని గుడిలో పూజలందుకొంటున్నది. అది స్వయంభూదేవుని లింగమేనని చెప్పుకొంటారు. నాలుగు తోరణాలకు నాలుగు ముఖాల దేవుడు! ఒక్కొక్క వాకిట ఒక్కొక్క ముఖం. ఈ పొందిక తెలిసిన తరువాత నడుమనున్న ఖాళీ మునుపటివలె కనబడదు.

గుడి చుట్టూ ఉండిన ఊరిని మనసులో నిలుపుకోవాలంటే క్రీడాభిరామం తోడు తెచ్చుకోవాలి. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులలో ఒక్క దినం తిరగడమే దాని ఇతివృత్తం. తెల్లవారి మొదలైన వారి నడక రాత్రిదాకా సాగుతుంది. పల్నాటి వీరుల కథ పాడేవారు ఎదురవుతారు. ఏకవీర గుడి వస్తుంది. రూక ఇచ్చి పూటకూళ్ళ ఇంట భోజనం చేస్తారు. మాచల్దేవి చిత్రశాల కనబడుతుంది. కవి వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న తర్కం పండితులకు వదలి, ఒక్కటి గమనించాలి. ఆ రూపకం తెలుగులో వెలసేనాటికే నగరం ఒకమారు కూలి ఉన్నది. దానికి మూలమైన ప్రేమాభిరామం సంస్కృతంలో రావిపాటి త్రిపురాంతకుడు వ్రాసినది. అంటే తెలుగు పాఠకుడు మొదటినుండీ ఓరుగల్లును పోయిన నగరంగానే, తలపోతలోనే చూచినాడన్నమాట. ఆ మిత్రులు చూపించేది రాజుల ఊరు కాదు, జనుల ఊరు. కోటలోని తోరణాలూ బురుజులూ రాజుల మాట చెబుతవి. పూటకూళ్ళవ్వ మాట పుస్తకంలోనే వినాలి. ఈ రెండింటినీ ఒకే తరగతిలో చెప్పగల సౌకర్యం తెలుగు ఉపాధ్యాయునికి ఉన్నది. చరిత్ర పాఠం చెప్పేవారికి ఆ భాగ్యం లేదు, పాపం!

జనులు కోటను పూర్తిగా విడిచిపోనూ లేదు. రాతిగోడ లోపల నేడు కూడ ఇండ్లున్నవి, పొలాలున్నవి. శత్రువుల ఏనుగులు ఒక్క ఊపున చొరబడకుండ మలుపులు మలుపులుగా కట్టిన కోటవాకిళ్ళలో ఇప్పుడు ఆటోలు వేగం తగ్గించుకొని, హారన్ మ్రోగిస్తూ మలుపు తిరుగుతవి. గణపతిదేవుడు కట్టించగా రుద్రమదేవి ఎత్తు పెంచిన గోడ అది. లోపలివైపు మెట్లున్నవి, ఎక్కి బురుజు మీద నిలబడితే చేలనడుమ తోరణాల తలలు అగుపిస్తవి.

మధ్యాహ్నం దాటిన తరువాత పిల్లలు హనుమకొండ చేరుకొన్నారు. కోటనుండి పదిమైళ్ళు కూడ లేదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. శివునికి, విష్ణువుకు, సూర్యునికి మూడు గర్భగృహాలు ఒకే రంగమండపం మీదికి తెరచుకొంటవి. ఎదుట నునుపైన నల్లరాతి నంది. ఆవల ఉన్న పెద్ద కళ్యాణమండపం క్రుంగిపోగా 2006లో దానిని విప్పినారు. రాళ్ళకు గుర్తులు వేసి, ఒడ్డున పేర్చి, క్రింది పునాదిని బాగుచేసి, తిరిగి కట్టడం పూర్తయి 2024 మార్చిలో మండపం తెరచుకొన్నది. కాకతీయ స్థపతులు ఇసుక నింపిన పునాదిమీద ఇంత బరువు నిలిపినారన్న సంగతి ఆ పనిలో బాగా వెల్లడి అయినది. కట్టడానికి పట్టిన కాలంకన్న సరిచేయడానికి ఎక్కువ కాలం పట్టిందేమోనని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసినారు. చేసినా, విప్పిన రాయి ఎక్కడిదక్కడ మళ్ళీ కూర్చోవడం చిన్న పని కాదు. ఉదయం కోటలో చెల్లాచెదరుగా చూచినవన్నీ ఇక్కడ తమ తమ చోట్ల ఉన్నవి. పీఠం, కాండం, బిళ్ళ, బోదె, దూలం అంటూ పిల్లలు క్రిందినుండి పైకి వ్రేలితో చూపుతూ వల్లించసాగినారు.

గుడేదని అడిగిన బాలిక మాత్రం రంగమండపం నడుమ తల పైకెత్తి నిలబడినది. ఆమె ఉదయం కోటలో, గడ్డిలో వెల్లకిల పడిన ఒక పెద్ద రాతిపలకను నోటుపుస్తకంలో బొమ్మ వేసుకొన్నది. చదరంలో చదరం మూలలు కలిపి తిరిగినట్లు, నట్టనడుమ విప్పారిన తామర. అదేమిటో అప్పుడు ఆమెకు తెలియలేదు. నేలమీద పరచిన ముగ్గుబండ అనుకొన్నది. బొమ్మ క్రింద “ముగ్గు” అని పేరు కూడ వ్రాసుకొన్నది. ఇప్పుడు ఆ చదరాలే, ఆ తామరయే తలపై కప్పులో ఉన్నవి. పుస్తకం తెరచి, బొమ్మ పైకప్పును చూచేట్లు తలమీదికి ఎత్తి పట్టుకొన్నది. కొంతసేపు పైకీ క్రిందికీ చూచినది. తరువాత నంది ప్రక్క మెట్టుమీద కూర్చుండి, రబ్బరుతో “ముగ్గు” అన్న మాట చెరిపివేసి, “గుడి కప్పు” అని వ్రాసుకొన్నది. బస్సు హారన్ రెండుమార్లు మ్రోగినది.